కాగితం మీద లేని హెచ్చుతగ్గులు

రైల్వే ఊళ్లో పెరిగిన పిల్లలకు రూలు పుస్తకం మీద గురి ఎక్కువ. తాతగారు వర్క్‌షాపులో ఫిట్టరు, నాన్నగారు ట్రాఫిక్‌లో, మావయ్య సిగ్నల్ విభాగంలో. భోజనాల దగ్గర కూడా ఏ పనికి ఏ రూలో మాట్లాడుకునే ఇళ్లు. ఖరగ్‌పూర్ ఝపటాపూర్‌లో పియానో నేర్చుకోవడానికి వచ్చే తెలుగు పిల్లల్లో చాలామంది అలాంటి ఇళ్లవాళ్లే. వాళ్ల ముందు బరోక్ కాలపు ఆట వరస ఒకటి, మిన్యుయెట్టో గవోతో, పెట్టి చూడండి. మొదట వచ్చే ప్రశ్న ఇదే: "ఎక్కడ గట్టిగా, ఎక్కడ మెల్లగా వాయించాలో ఇందులో రాయలేదేంటి మాస్టారూ?"

నిజమే, రాయలేదు. బాఖ్ కీబోర్డు కోసం రాసిన ఆట వరసల్లో ఫోర్టే, పియానో అన్న గుర్తులు దాదాపు కనిపించవు. ఆయనకు ఆ గుర్తులు తెలియక కాదు. 1735లో అచ్చయిన ఇటాలియన్ కన్చెర్టోలో ఆ రెండు మాటలూ ఆయనే పెట్టాడు. అది రెండు వరసల మెట్లున్న హార్ప్సికార్డు కోసం కట్టింది కాబట్టి, ఏ చెయ్యి ఎప్పుడు ఏ వరస మీదికి వెళ్లాలో చెప్పాల్సి వచ్చింది. చిన్న మిన్యుయెట్టుకు ఆ అవసరం పడలేదు.

గుర్తులు లేని కాగితం చూడగానే పిల్లలు రెండు దారుల్లో ఏదో ఒకటి పడతారు. భయస్థులు మొదటి బార్ నుంచి చివరి బార్ దాకా ఒకే గొంతుతో అప్పజెప్పేస్తారు. ధైర్యవంతులు, ముఖ్యంగా సినిమా పాటలు బాగా వాయించేవాళ్లు, ప్రతి నాలుగు బార్లకూ ఒక అల లేపి, చివర్లో నెమ్మదించి, పెడల్ తొక్కి, పాటను కన్నీళ్లలో ముంచుతారు. నన్నడిగితే ఈ రెండోవాళ్లే నయం. వాళ్లకు చెప్పడానికి ఏదో ఉంది. అది ఈ పాటది కాకపోవడమే చిక్కు.

ఈ అధ్యాయంలో నేను చెప్పేది ఒకే సంగతి. ఇవి ఆట కోసం పుట్టిన వరసలు. ఏ లెక్క బరువో, ఏది తేలికో అప్పటివాళ్ల కాళ్లకు తెలుసు. అందుకే కాగితం మీద పెట్టలేదు. మీకు ముందు ఆ అడుగు దొరకాలి, హెచ్చుతగ్గుల సంగతి ఆ తర్వాత. ఇలాంటి ఆట వరసలను గుదిగుచ్చిన బాఖ్ సూట్లకు ఎవరూ లేచి ఆడలేదు, అవి కూర్చుని వినడానికే రాసినవి. అయినా ఆ రాతలో అడుగు ఉంది.

వాద్యం ఏం చేయగలదు, ఏం చేయలేదు

హార్ప్సికార్డులో మెట్టు నొక్కితే లోపలున్న చిన్న ములుకు తీగను మీటుతుంది. మెల్లగా నొక్కినా, బలంగా కొట్టినా మీటు దాదాపు ఒకటే. వేలి బలంతో శబ్దం పెంచడం ఆ వాద్యం మీద కుదరదు. "అందుకే బరోక్ సంగీతంలో హెచ్చుతగ్గులు ఉండవు" అని తేల్చేసేవాళ్లున్నారు. అదే కాలంలో వయొలిన్లున్నాయి, ఫ్లూట్లున్నాయి, పాడేవాళ్లున్నారు. వాళ్లెవరూ ఒకే గొంతుతో పాడలేదు. ఫ్లూట్ విద్వాంసుడు క్వాంట్జ్ 1752లో అచ్చువేసిన పుస్తకంలో, సమానంగా రాసిన స్వరాల్లో కూడా కొన్ని ముఖ్యమైనవనీ కొన్ని దాటిపోయేవనీ, వాటి మధ్య తేడా వినిపించాలనీ పాఠం చెప్పాడు.

హార్ప్సికార్డు వాళ్లూ చేతులు ముడుచుకుని కూర్చోలేదు. పెద్ద శబ్దం కావాలంటే ఎడమచేతికి స్వరాలు ఎక్కువ పెట్టారు, తగ్గాలంటే తీసేశారు. ముఖ్యమైన స్వరం మీద ట్రిల్ వేశారు. కార్డును ఒక్కసారిగా కొట్టకుండా కింది నుంచి పైకి విరజిమ్మారు. పారిస్‌లో ఫ్రాన్స్వా కూపెరాఁ 1716లో వేసిన హార్ప్సికార్డు బోధిని ఇంకో అడుగు ముందుకెళ్లింది. ఒక స్వరాన్ని కాస్త ముందే తుంచెయ్యడం, లేదా రావలసిన స్వరాన్ని రవ్వంత ఆలస్యం చెయ్యడం అని రెండు కిటుకులు చెబుతాడాయన. కమాను వాద్యాలు స్వరాన్ని ఉబ్బించి ఇచ్చే అనుభూతిని ఈ ఆలస్యం చెవికి ఇస్తుందని ఆయన మాట. శబ్దం పెరగదు, పెరిగినట్టు వినిపిస్తుంది.

పియానో వాయించే మనకు దీంతో ఏం పని? చాలా పని ఉంది. ఒక స్వరం తేలాలనుకోగానే మన చెయ్యి దాన్ని గట్టిగా కొట్టడానికి దూకుతుంది. దూకనివ్వకండి. దాని ముందున్న స్వరాన్ని కొంచెం పొట్టిగా చేసి, సన్నని సందు వదలండి. ముఖ్యమైన స్వరం దానంతటదే ముందుకొస్తుంది. ఇంకా చాలకపోతే అప్పుడు వేలి బరువు కలపండి. ఈ వరస తిరగేస్తే బరోక్ ఆట పెళ్లి బ్యాండవుతుంది.

బాఖ్‌ని పియానో మీద వాయించడమే అపచారమనేవాళ్లకు ఒక మాట. ఫ్లోరెన్స్‌లో క్రిస్తోఫోరి 1700 ప్రాంతంలోనే పియానో చేశాడు. జర్మనీలో జిల్బర్‌మన్ చేసిన తొలి పియానోలను బాఖ్ స్వయంగా వాయించి చూసి, పై స్థాయి బలహీనంగా ఉందనీ, మెట్లు బరువుగా ఉన్నాయనీ పెదవి విరిచాడు. జిల్బర్‌మన్ వాటిని బాగుచేశాక మెచ్చుకున్నాడు. 1747లో పోట్స్‌డామ్‌లో ఫ్రెడరిక్ రాజు దగ్గరున్న పియానోల మీద వాయించాడు కూడా. ఇక ఇళ్లలో సాధనకు వాడిన క్లావికార్డు పక్క గదికి వినపడనంత చిన్న గొంతుదే అయినా, వేలి ఒత్తిడిలో తేడాను ఉన్నదున్నట్టు పలుకుతుంది. వేలితో నాదాన్ని హెచ్చించి తగ్గించడం ఆయనకు కొత్త కాదు.

మూడు లెక్కలన్నీ వాల్ట్జ్ కావు

ఖరగ్‌పూర్‌కి ఈ విషయంలో ఒక పాత అలవాటుంది. 19వ శతాబ్దం చివర బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఇక్కడ జంక్షన్ వేసి, వర్క్‌షాపు కట్టింది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి మనవాళ్లు అదే రైలు మార్గం పట్టుకుని పనికొచ్చారు. డ్రైవర్లుగా, గార్డులుగా ఆంగ్లో-ఇండియన్ కుటుంబాలు స్థిరపడ్డాయి. రైల్వే ఊళ్లన్నిట్లోలాగే ఇక్కడి ఇన్‌స్టిట్యూట్లలోనూ డాన్సు రాత్రులుండేవి. వాల్ట్జ్, ఫాక్స్‌ట్రాట్. పియానో అన్న వస్తువు ఈ ఊరికి ఆ డాన్సులతోనే పరిచయం. అందుకే పాతవాళ్ల దగ్గర నేర్చుకున్నవాళ్లకు మూడు లెక్కలనగానే ఎడమచెయ్యి "ధూం-చక్-చక్" అనేస్తుంది. ప్రతి బార్‌లో మొదటి లెక్క మీద ఒక దెబ్బ, తర్వాత రెండు తేలికలు.

మిన్యుయెట్టు అలా నడవదు. దాని అడుగు ఒక బార్‌లో పూర్తి కాదు. రెండు బార్లు, అంటే ఆరు లెక్కలు కలిస్తే ఒక అడుగుల చుట్టు. ఆ ఆరు లెక్కల్లో కాళ్లు వేసేది నాలుగు అడుగులు. అంటే రెండో బార్ మొదటి లెక్క మీద కొత్త దెబ్బ పడకూడదు, అది ముందు బార్‌కి కొనసాగింపు. ఇంకో విశేషముంది. ఫ్రెంచి ఆస్థాన నాట్యంలో మోకాలు వంగేది లెక్కకు ముందు, లేచేది లెక్క మీద. మనం బార్‌లో మొదటి లెక్కను పాదం నేలకు తాకే చోటనుకుంటాం. వాళ్లకది ఒంటిని పైకి లేపే చోటు. అందుకే ఆ లెక్కకు బరువుంటుంది, మోత ఉండదు.

ఈ తేడా మన ఇళ్లలో చెప్పడం సులువు. ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన కుటుంబాలకు తప్పెటగుళ్లు తెలుసు. గుండె మీద తప్పెట కట్టుకుని, కాలికి గజ్జెలతో, గుండ్రంగా తిరుగుతూ ఎగిరి ఎగిరి ఆడే ఆట. అక్కడ దెబ్బా అడుగూ కలిసి నేల మీద పడతాయి, గజ్జె ఘల్లుమంటుంది. మిన్యుయెట్టులో అదే లెక్కకు ఒళ్లు లేస్తుంది. ఒక పిల్ల పాఠం వాయిస్తుంటే పక్కన కూర్చున్న వాళ్ల మామ్మ, టెక్కలి వైపు మనిషి, ఉండబట్టలేక అడిగింది: "ఏటే గుంటా, ఆటపాటంటావు, నీ పాటకి కాలు కదలదేటే?" ఆ పిల్ల బిక్కమొహం వేసింది. నాకు మాత్రం ఆ రోజు పాఠం అక్కడే దొరికింది. స్టూలు మీంచి లేపి గదిలో నడిపించాను. "ఆరు లెక్కపెట్టు. ఒకటి మీద మడమ లేపు. నాలుగు మీద మాత్రం లేపకు, నడిచిపో." కాసేపటికి మళ్లీ కూర్చుని వాయించింది. ఎవరూ చెప్పకుండానే రెండో బార్ తేలికపడింది. మామ్మగారు తలూపారు, "ఇప్పుడు కొంచెం నయం" అన్నట్టు.

మీరూ ఇదే చెయ్యండి. ఇంట్లో ఎవరూ చూడని వేళైతే మరీ మంచిది. ఫ్రెంచి అడుగులు శాస్త్రోక్తంగా రానక్కర్లేదు. ఎక్కడ లేవాలి, ఎక్కడ నడవాలి అన్నది ఒంటికి తెలిస్తే చాలు.

ఒక మిన్యుయెట్టు, దగ్గరగా

అందరికీ తెలిసిన వరస తీసుకుందాం. 1725లో బాఖ్ భార్య ఆనా మాగ్దలేనా పేర మొదలైన సంగీతపు నోటు పుస్తకంలోని జీ మేజర్ మిన్యుయెట్టు. చాలాకాలం బాఖ్‌దే అనుకున్నారు. డ్రెస్డెన్ ఆర్గనిస్టు క్రిస్టియన్ పెట్జోల్డ్‌దని 1970లలో తేలింది. 32 బార్లు, పదహారేసి బార్ల రెండు భాగాలు, ఒక్కో భాగం రెండుసార్లు.

స్వరాల్లో పాడుకుందాం. జీని షడ్జమం చేస్తే ఇది ధీరశంకరాభరణం మెట్లే. దీక్షితులవారు బ్యాండు వరసలకు సంస్కృత సాహిత్యం కట్టిన నొట్టుస్వరాలు కూడా శంకరాభరణం మెట్ల మీదే నడుస్తాయి. వాటిలో "వందే మీనాక్షి"కి మూలం ఒక ఐర్లండు ఆట వరస. కాబట్టి ఈ దారి మనకు మరీ కొత్తది కాదు. గమకం మాత్రం వేసుకోకండి.

ముందు ఎడమచెయ్యి ఒక్కటే. మొదటి ఆరు బార్లలో దాని నడక: స రి, గ, మ, గ, రి, స. మూడో బార్‌లో మధ్యమం దాకా ఎక్కి, అక్కణ్ణుంచి దిగి ఆరో బార్‌కి షడ్జమం చేరుతుంది. కొండెక్కి దిగినట్టు కాదు, గట్టు దాటినంత. ఈ చిన్న ఎత్తే మీ మొదటి వాక్యానికి కావలసిన హెచ్చుతగ్గు. ఎడమచేతిని నాలుగైదుసార్లు పాడి, వాయించి చూడండి. మూడో బార్‌కి కాస్త నిండుగా, ఆరో బార్‌కి కాస్త తక్కువగా. కాగితం మీద లేదనుకున్న గుర్తు ఎడమచేతి స్వరాల్లో ఉంది.

ఇప్పుడు కుడిచెయ్యి. ప, స రి గ మ. తర్వాత బార్: ప, స, స. ఈ రెండో బార్ చివర రెండు షడ్జమాలున్నాయి చూశారా, పిల్లల చెయ్యి దొరికిపోయేది అక్కడే. వేళ్లకు సులువైన స్వరాలు కాబట్టి టక్, టక్ అని కొడతారు. అడుగు ప్రకారం అవి ఐదో లెక్క, ఆరో లెక్క. నడిచిపోయే చోటు. రెండూ పొట్టిగా ఉండాలి, రెండోది మొదటిదానికంటే తేలికగా ఉండాలి. మూడో, నాలుగో బార్లలో ఇదే ఆకారం ఇంకాస్త పైనుంచి: ధ, మ ప ధ ని, తర్వాత తారషడ్జమం, కింద రెండు షడ్జమాలు. తారషడ్జమం ఎత్తులో ఉంది కదా అని ఒత్తకండి. అది రెండో బార్, ఎత్తు దానికి చాలు. ఐదు, ఆరు బార్లు ఒకే ఆకారం మెట్టు దిగుతూ వస్తాయి: మ, ప మ గ రి. తర్వాత గ, మ గ రి స. ఇక్కడ తగ్గడం సహజం.

తొమ్మిదో బార్‌కి మొదటి వరసే మళ్లీ వస్తుంది. "మళ్లీ వచ్చింది కాబట్టి మెల్లగా, ప్రతిధ్వనిలాగా" అని చాలా పుస్తకాల్లో ఉంటుంది. బరోక్‌లో ప్రతిధ్వని అన్న ఆట నిజంగానే ఉంది. బాఖ్ తన ఫ్రెంచి ఒవర్చర్‌లో చివరి ముక్కకు ఎకో అనే పేరు పెట్టాడు. కానీ తిరిగి వచ్చిన ప్రతి వరసనూ తగ్గించడం బద్ధకపు అలవాటు, రెండు నిమిషాల్లో వినేవాడికి తెలిసిపోతుంది. ఈ పాటలో తొమ్మిదో బార్‌ని మొదటిసారి మామూలు గొంతుతోనే మొదలుపెట్టాలని నా అభిప్రాయం. ఎనిమిదో బార్ రిషభం మీద ఆగి, ఇంకా చెప్పాల్సింది ఉందన్నట్టు వదిలేసింది. దానికి జవాబు గొణగకూడదు. మొత్తం భాగాన్ని రెండోసారి వాయించేటప్పుడు కావాలంటే తగ్గించుకోండి.

రెండో భాగం పదిహేడో బార్‌తో మొదలు. మొదటి స్వరం తారస్థాయి గాంధారం, పాట మొత్తంలో ఇంతకంటే ఎత్తైన స్వరం లేదు. అక్కణ్ణుంచి బార్‌కొకటి చొప్పున గ, రి, స అని తలలు దిగుతాయి. పదిహేడుని వెలుతురుగా ఎత్తుకుని, రెండు బార్లు కొద్దికొద్దిగా తగ్గించండి. ఇరవయ్యో బార్‌లో చూడండి ఏమైందో. శంకరాభరణంలోకి ప్రతిమధ్యమం వచ్చి కూర్చుంది. కచేరీలు విన్న చెవికి ఎవరూ చెప్పనక్కర్లేదు, ఒంటికి తెలుస్తుంది. ఆ స్వరాన్ని కొట్టకండి. ముందున్న బార్ చివర సన్నని సందు వదిలి, దాని మీద ఆనండి. పాట షడ్జమం వదిలి పంచమాన్ని ఇల్లు చేసుకోవడానికి బయల్దేరింది. ఇరవై నాలుగో బార్‌లో ఆ పంచమం మీద దిగుతుంది. ఇరవై నుంచి ఇరవై నాలుగు దాకా ఒకటే ప్రయాణం, మధ్యలో ఊపిరి ఆపొద్దు, నాదం ఎక్కుతూనే ఉండాలి.

ఇరవై అయిదో బార్: ప, స ని స. తర్వాత ధ, స ని స. ఆకారం చిన్నది, కదలిక తక్కువ. పాట అంతట్లో నేను అన్నిటికంటే మెల్లగా వాయించేది ఈ రెండు బార్లే. పెద్ద కారణమేం లేదు. ఇరవై నాలుగులో గట్టిగా దిగాం కాబట్టి ఇక్కడ తగ్గితే, ఇరవై ఏడులో శుద్ధమధ్యమం తిరిగొచ్చి, ఇరవై తొమ్మిదిలో మంద్ర పంచమం నుంచి గాంధారం దాకా ఎక్కే మెట్లకు చోటు మిగులుతుంది. మీరు మరోలా వాయించవచ్చు. ఎందుకలా అని అడిగితే స్వరాల్లోంచి ఒక కారణం చూపించగలగాలి, అంతే. "ఫీలింగ్ వచ్చింది సార్" అన్నది కారణం కాదు.

మిగతా ఆటలు

గవోతు బార్ మధ్యలో మొదలవుతుంది. ముందు రెండు లెక్కలు, ఆ తర్వాత బార్ గీత, అప్పుడు మొదటి లెక్క. పిల్లలు ఆ ముందు రెండు లెక్కలనే "ఒకటి, రెండు" అనుకుని గట్టిగా మొదలుపెడతారు, పాట మొత్తం తలకిందులవుతుంది. "మూడు, నాలుగు" అని పైకి లెక్కపెట్టి మొదలుపెట్టండి. బాఖ్ ఐదో ఫ్రెంచి సూట్‌లోని గవోతు దీనికి మంచి సాధన. అదే సూట్ చివరి జిగ్ పరుగు, దాని గురించి చెప్పాల్సింది తక్కువ. మూడేసి స్వరాల గుంపుల్లో మొదటిది దిగితే మిగతా రెండూ ఎగరాలి. వేగంలో హెచ్చుతగ్గుల పెద్ద పథకాలు నిలవవు.

సరబాంద్ దగ్గర మాత్రం ఆగాలి. 1583లో స్పెయిన్‌లో ఈ ఆటను అసభ్యమని నిషేధించారు. తర్వాతి వందేళ్లలో ఫ్రెంచి ఆస్థానానికి చేరి, నెమ్మదించి, పెద్దమనిషైంది. మూడు లెక్కల్లో బరువు రెండో దాని మీద పడటం దీని గుణం. హాండెల్ డీ మైనర్ సరబాంద్ చాలామంది విన్నదే, 1975 నాటి "బ్యారీ లిండన్" సినిమాతో ఊరూరా తెలిసింది. అది వాయిస్తూ మొదటి లెక్క మీద మోగించేస్తే పాట ఊరేగింపు డోలవుతుంది. రెండో లెక్క మీద ఆనాలి. ఎలా? మొదటి లెక్క స్వరాన్ని దాని కాలం నిండకముందే, రవ్వంత తొందరగా వదలండి. రెండోదానికి మెట్టు మీద చెయ్యి నెమ్మదిగా దింపండి, వేలితో కాకుండా ముంజేతి బరువుతో. ఆ శబ్దం పెద్దదే, గుచ్చుకోదు. ఇందులో కూపెరాఁ కిటుకు కూడా కలపొచ్చు: రెండో లెక్కను వెంట్రుకవాసి ఆలస్యం చెయ్యండి. వినేవాడు ఆలస్యమనుకోకూడదు, లోతనుకోవాలి.

అదే ఆనా మాగ్దలేనా పుస్తకంలో డీ మేజర్ మ్యూజెట్ ఒకటుంది. మ్యూజెట్ అంటే ఫ్రెంచి తిత్తి వాద్యం. మన భాగవతుల మేళంలో శ్రుతి పట్టే తిత్తి ఊపిరి పెంచినా తగ్గించినా ఒకే గొంతు పలుకుతుంది. ఎడమచెయ్యి శ్రుతి అలాగే ఉండాలి. హెచ్చుతగ్గులన్నీ కుడిచేతివి.

మీ ముందున్న వాద్యం

ఇంతా చెప్పాక, మీ కీబోర్డు మెల్లగా పలకనంటే ఏం చెయ్యాలి? కొనేముందే చూసుకోండి. టచ్ రెస్పాన్స్ లేని కీబోర్డులు హార్ప్సికార్డు లాంటివే, ఎలా నొక్కినా ఒకే శబ్దం. యమహాలో పీఎస్ఆర్-ఈ 273 లాంటి చవక మోడళ్లకు ఆ సదుపాయం లేదు, ఈ 373కి ఉంది. ఉన్నవాటిలోనూ సెట్టింగుల్లో టచ్ అన్నది "ఫిక్స్‌డ్" మీద ఉండిపోయి, నెలల తరబడి పిల్ల తనకు హెచ్చుతగ్గులు రావని బెంగపెట్టుకున్న ఇళ్లు ఉన్నాయి. ఆ బటన్ వెతకండి. ఇంకా ఇంట్లో ఉన్నది టచ్ లేని కీబోర్డే అయితే దిగులొద్దు. కూపెరాఁ పాఠాలు, సందులు, ఆలస్యాలు, పొట్టి స్వరాలు, దాని మీదే గట్టిగా పడతాయి. వేలి బరువు తర్వాత మంచి వాద్యం దొరికినప్పుడు కలుపుకోవచ్చు.

అసలు పియానో ఉన్నవాళ్లకు ఖరగ్‌పూర్ వానాకాలం వేరే పరీక్ష. జులై, ఆగస్టుల్లో గాలిలో తేమకు చెక్క ఉబ్బుతుంది, మెట్లు నెమ్మదిగా లేస్తాయి, కొన్ని ఇరుక్కుంటాయి. అలాంటప్పుడు మెల్లగా వాయించబోతే స్వరం అసలు పలకదు. బెంగాల్లో పాత ఇళ్లవాళ్లు అప్‌రైట్ పియానో లోపల చిన్న బల్బు వెలిగించి ఉంచేవారు, తేమ పట్టకుండా. ఇప్పటికీ పనికొచ్చే ఉపాయమే, బల్బు చెక్కకు, ఫెల్టుకు తగలకుండా చూసుకోవాలి. ఎల్ఈడీ బల్బు పెట్టి ఉపయోగం లేదు, అది వేడెక్కదు.

మెల్లగా వాయించడం మీద ఇంకో మాట. మెల్లగా అంటే మెట్టును సగం నొక్కడం కాదు. మెట్టు అడుగుదాకా వెళ్లాలి, వెళ్లే వేగం తగ్గాలి. వేళ్లు మెట్ల మీద ఆనించి ఉంచి, అక్కణ్ణుంచే నొక్కండి. పైనుంచి దించితే వేగం మీ చేతిలో ఉండదు. ఇంకా, మెల్లగా వాయించేటప్పుడు లయ జారుతుంది, అందరికీ జారుతుంది. ఆట పాటలో లయ జారితే మిగతావన్నీ వృథా. కాబట్టి మెల్లగా వాయించే సాధన కాలితో లెక్క వేస్తూ చెయ్యండి.

పెడల్ గురించి: ఈ పాటల్లో నేను దాదాపు వాడను. పెడల్ తొక్కితే మనం కష్టపడి వదిలిన సందులన్నీ మూసుకుపోతాయి. సరబాంద్‌లో రెండు కార్డుల మధ్య వేళ్లు చేరని చోట రవ్వంత తొక్కి వదిలేస్తే పరవాలేదు.

ఇక సాధన ఎలా సాగిందో వినాలంటే ఫోన్‌లో రికార్డు చేసుకుంటారు. చాలా ఫోన్ల రికార్డర్లు చిన్న శబ్దాన్ని తామే పెంచుతాయి, పెద్దదాన్ని తామే అణిచేస్తాయి. మీరు చేసిన హెచ్చుతగ్గులు అందులో సగం కనిపించకుండా పోతాయి. ఆ సెట్టింగు తీసెయ్యగలిగితే తీసెయ్యండి. లేదంటే ఫోన్‌ని గదిలో దూరంగా, పక్క గది గుమ్మం దగ్గర పెట్టి, రెండు రకాలుగా వాయించి పోల్చి వినండి. ఇంకా మేలైనది, పక్క గదిలో ఇంట్లోవాళ్లనెవరినైనా కూర్చోబెట్టి "ఎక్కడ మెల్లగా వాయించానో చెప్పు అమ్మా" అని అడగడం. బయట రైలు కూతలూ, గోల్‌బజార్ వైపు వెళ్లే బండ్ల హారన్లూ ఎప్పుడూ ఉంటాయి. అయినా వాళ్లకు తేడా వినపడిందంటే అది నిజంగా ఉన్నట్టే.

ట్రినిటీ, ఏబీఆర్ఎస్ఎం గ్రేడు పరీక్షలకు కోల్‌కతా వెళ్లే పిల్లలకు చివరిగా ఒక్క సూచన. అక్కడి పియానో మీకు కొత్తది. ఇంట్లోదానికంటే బరువైన మెట్లు ఉండొచ్చు, గొంతు పెద్దది కావొచ్చు. పాట మొదలుపెట్టే ముందు వాయించి చూసుకోనిస్తే, గొప్పగా వినిపించే బార్ వాయించకండి. మీ పాటలో అన్నిటికంటే మెల్లగా ఉండే చోటు, ఈ మిన్యుయెట్టులోనైతే ఇరవై అయిదో బార్, అది వాయించి చూడండి. ఆ స్వరాలు పలికితే గట్టిగా వాయించాల్సినవి ఎలాగూ పలుకుతాయి. పలకకపోతే మెల్లదనాన్ని ఒక మెట్టు పైకి జరిపి, మొత్తం పాటను ఆ కొలత మీద మొదలుపెట్టండి.